అల్లాహ్ రంగులో అద్దకం

పెడనలో కలంకారీ అచ్చులు వేసే సోదరుడొకరు ఒకసారి మమ్మల్ని ఓ ప్రశ్న అడిగారు. ఆయన ఫజర్ నమాజు చేసుకుని పనిలోకి వెళతారు. పొడవాటి బల్ల మీద గుడ్డ పరుస్తారు. టేకు చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద సరిగ్గా ఆనించి, పిడికిలితో ఒక దెబ్బ వేస్తారు. మళ్ళీ అద్దటం, మళ్ళీ ఆనించటం, మళ్ళీ దెబ్బ. సాయంత్రందాకా అదే పువ్వు, అదే తీగ, అదే అంచు. చూడటానికి వచ్చినవాళ్ళు ఎంత గొప్ప కళో అని మెచ్చుకుని వెళ్ళిపోతారు. కాని ఇరవై ఏళ్ళుగా ఆయన చేస్తున్నది ఒకటే పని. ఇందులో కళ ఎక్కడుంది? రేపు అల్లాహ్ సన్నిధిలో నిలబడినప్పుడు నేను ఫలానాది చేశానని చెప్పుకోవటానికి ఇందులో ఏముంది? ఇదీ ఆయన ప్రశ్న.

అప్పటికప్పుడు మేము సరైన సమాధానం చెప్పలేకపోయాం. ఆలోచించిన కొద్దీ అది ఆయన ఒక్కరి ప్రశ్న కాదనిపించింది. రోజూ అదే పొయ్యి ముందు నిలబడే తల్లి, ఏటా అదే పాఠం చెప్పే ఉపాధ్యాయుడు, మక్తబ్‌లో చిన్నపిల్లలకు అలిఫ్, బే దిద్దించే మౌల్వీ సాబ్, మిషను మీద వంగి కూర్చున్న దర్జీ... వీళ్ళందరి మనసుల్లోనూ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు తలెత్తుతుంది. కొత్తగా ఏదో చేస్తేనే జీవితం సార్థకమవుతుందని లోకం అంటోంది. మరి రోజూ ఒకటే పని చేసేవాడి జీవితంలో సృజనకు చోటు లేదా? ఖుర్ఆన్, హదీసుల వెలుగులో ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

సృష్టికర్త ఒక్కడే

ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. ఏమీ లేని చోటునుంచి సృష్టించగలవాడు అల్లాహ్ మాత్రమే. మనిషి చేసేదంతా ఆయన ఇచ్చిన ముడిసరుకుతోనే. పత్తిని మొలిపించింది ఆయనే. చిరివేరులో ఎరుపును, నీలిమందు ఆకులో నీలాన్ని దాచిపెట్టింది ఆయనే. చేతికి పట్టు, కంటికి చూపు, మనసుకు అందం పట్ల మక్కువ ఇచ్చింది ఆయనే. మనం కలుపుతాం, అమర్చుతాం, అంతే. కాబట్టి కళ అనేది మన సొత్తు కాదు, మన దగ్గర ఉంచిన అమానతు. అమానతు గురించి లెక్క అడగటం జరుగుతుంది.

అలాగని చేతిపనిని చిన్నచూపు చూసే ధర్మం కాదు మనది. హజ్రత్ నూహ్ (అ) తన చేతులతో ఓడ కట్టారు. హజ్రత్ జకరియా (అ) వడ్రంగి అని సహీహ్ ముస్లింలో ఉంది. హజ్రత్ దావూద్ (అ) ప్రవక్త, పైగా రాజు. అయినా తన చేతికష్టం మీదే తినేవారని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలిపారు. ఆయన కోసం అల్లాహ్ ఇనుమును మెత్తపరిచాడు. కవచాలు చేయమని, వాటి కడియాలను సరైన కొలతతో అమర్చమని ఆదేశించాడు. ఆ వెంటనే సత్కార్యాలు చేయమన్నాడు. ఈ ప్రస్తావన సబా సూరా 10, 11 ఆయతుల్లో ఉంది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. కవచం నిండా కడియాలే. అన్నీ ఒకేలా ఉండాలి. ఒక్కటి వదులైతే బాణం అక్కడే దిగుతుంది. అంటే ఒక ప్రవక్తకు అప్పగించిన పనిలోనూ చేసిన కడియాన్నే మళ్ళీ చేయటం ఉంది. ఒకటే పని మళ్ళీ మళ్ళీ చేయటం తక్కువతనం కాదనటానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి? కడియం కొలత తప్పకుండా ఉండటం, మనిషి నడవడి కొలత తప్పకుండా ఉండటం ఒకే ఆదేశంలో పక్కపక్కన వచ్చాయి.

బందరు లతలు

మన బందరు పేరే ఫార్సీ నుంచి వచ్చింది. రేవు అని దాని అర్థం. కలంకారీ కూడా ఫార్సీ మాటే. కలంతో చేసే పని అన్నమాట. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం వారి ముఖ్యమైన రేవు. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను ఇక్కడికి వచ్చి ఈ తీరపు బట్టల వ్యాపారంలో దిగారు. ఇక్కడి అద్దకపు బట్టలు ఇరాన్‌కు ఓడల్లో వెళ్ళేవి. అక్కడివారి అభిరుచికి తగినట్టు ఇక్కడి పనివారు లతలు, పూలు, చెట్లు, మిహ్రాబ్ ఆకారాలు వేశారు. ఈనాటికీ మచిలీపట్నం కలంకారీని గుర్తుపట్టేది ముఖ్యంగా ఆ తీగలను బట్టే. కాలక్రమంలో ఇక్కడ కలం స్థానంలోకి చెక్క అచ్చు వచ్చింది. పేరు మాత్రం కలంకారీగానే నిలిచిపోయింది.

జీవుల చిత్రాల విషయంలో హదీసుల్లో కఠినమైన హెచ్చరికలున్న సంగతి పాఠకులకు తెలిసిందే. బొమ్మలు వేసి బ్రతికే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరకు వచ్చి తన జీవనోపాధి గురించి చెప్పుకున్నాడు. ఆయన ఆ హెచ్చరికను వినిపించారు. అంతటితో ఊరుకోలేదు. తప్పనిసరైతే చెట్లను, ప్రాణం లేని వాటిని చిత్రించుకోమని దారి కూడా చూపించారు. ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఒక పనివాడి పొట్టనూ అతని పరలోకాన్నీ రెంటినీ దృష్టిలో పెట్టుకున్న జవాబు అది. హద్దు పెట్టినంత మాత్రాన కళ ఆగిపోదు. హద్దు లోపల లతలు ఎంతగా అల్లుకుపోతాయో బందరు అద్దకాన్ని చూస్తే తెలుస్తుంది.

కనిపించని పటిక

ఇప్పుడు ఆ సోదరుడి బల్ల దగ్గరికి వద్దాం. సహజమైన రంగులతో చేసే అద్దకంలో గుడ్డను ముందు కరక్కాయ రసంలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి ఊరబెట్టిన ద్రావకాన్ని అచ్చుతో వేస్తే, కరక్కాయ పట్టిన గుడ్డ మీద అది నల్లగా మారుతుంది. ఎరుపు అలా కాదు. ఎరుపు కావలసిన చోట వేసేది రంగు కాదు, పటిక. పటికకు సొంతంగా రంగు లేదు. అచ్చు ఎక్కడ పడిందో తెలియటానికి అందులో కొద్దిగా ఏదో రంగు కలుపుతారు, కడిగితే అది పోతుంది. ఆ తర్వాత గుడ్డను పారే నీటిలో జాడించి, రాగి కాగులో చిరివేరు, సురుడు పట్ట, జాజి ఆకు వంటివి వేసి ఉడకబెడతారు. ఇప్పుడు చాలాచోట్ల అలిజరిన్ వాడుతున్నారు. గుడ్డంతా ఒకే కాగులో ఉడుకుతుంది. కాని పటిక పడిన చోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. మిగతా చోట్ల అంటిన రంగు ఉతుకుకూ ఎండకూ వదిలిపోతుంది.

మన ఆచరణలో నియ్యత్ ఈ పటిక లాంటిది. బయటికి కనిపించదు. పక్కన నిలబడ్డవాడికి తెలియదు. కాని కాగులో పడ్డాక ఏ రంగు నిలుస్తుందో నిర్ణయించేది అదే. కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్న హదీసుతోనే ఇమామ్ బుఖారీ (రహ్మలై) తన గ్రంథాన్ని ప్రారంభించారు. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఒకే అచ్చు వేస్తుంటారు. ఒకరు రోజు ఎప్పుడు గడుస్తుందా అని విసుక్కుంటూ వేస్తారు. మరొకరు బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టి, పిల్లలకు హలాల్ అన్నం పెట్టాలని, కొన్నవారికి మంచి గుడ్డ అందాలని వేస్తారు. సాయంత్రానికి ఇద్దరి గుడ్డలూ ఒకేలా కనిపించవచ్చు. తీర్పుదినాన ఒకేలా ఉండవు. అల్లాహ్ ప్రసన్నత కోరి భార్య నోటికి అందించిన ముద్దకు సైతం పుణ్యం లభిస్తుందని దైవప్రవక్త (స) హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు చెప్పారు. అలాంటప్పుడు ఆ ముద్ద కోసం వేసిన అచ్చు దెబ్బ వృథా అవుతుందా?

కొంచెమే అయినా రోజూ

నియ్యత్ ఒక్కసారి చేసుకుని వదిలేసేది కాదు. దానికి నిత్య సాధన తోడవ్వాలి. అల్లాహ్‌కు అన్నిటికంటే ప్రీతికరమైన ఆచరణ కొద్దిపాటిదైనా నిలకడగా చేసేదేనని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. దివ్యఖుర్ఆన్‌ను అల్లాహ్ తలచుకుంటే ఒక్కసారిగా పంపగలడు. కాని దాదాపు 23 సంవత్సరాలపాటు కొంచెం కొంచెంగా అవతరింపజేశాడు. తద్వారా ప్రవక్త (స) హృదయాన్ని స్థిరపరచటం జరిగిందని ఫుర్ఖాన్ సూరా 32వ ఆయతు తెలుపుతోంది. హృదయాలు స్థిరపడటానికి రోజులు కావాలి.

మనం ఏం చేస్తున్నాం? రమజాన్‌లో రోజుకో పారా చదువుతాం. షవ్వాల్ నెలవంక కనిపించగానే ఖుర్ఆన్ అలమారాలోకి వెళ్ళిపోతుంది. ఖత్ నేర్చుకోవాలని కలం, సిరా కొంటాం. పదో రోజుకు సిరా ఎండిపోతుంది. కవితలు రాయాలని, కథలు రాయాలని కొత్త నోటు పుస్తకం తెస్తాం. మొదటి నాలుగు పేజీలే నలుగుతాయి. గట్టిగా వడికిన నూలును తానే ముక్కలు ముక్కలుగా తెంపేసుకున్న స్త్రీలా అయిపోవద్దని అన్నహ్ల్ సూరా 92వ ఆయతు హెచ్చరిస్తోంది. ఈ ఉపమానం ప్రమాణాలను నిలుపుకోవటం గురించి వచ్చింది. తనకు తాను మాట ఇచ్చుకుని వదిలేసే ప్రతి ఒక్కరికీ ఇందులో గుణపాఠం ఉంది. పెడన చేనేతకు కూడా పేరున్న ఊరు. తెగిన పోగులు అతకటం ఎంత పనో అక్కడి మగ్గాల దగ్గర కూర్చున్నవారిని అడగాలి.

అయితే రోజూ చేసేది అలవాటైపోయి జీవం కోల్పోదా అని అడగవచ్చు. ఇదే అసలు ప్రశ్న. మనం అయిదు పూటల ఫర్జ్ నమాజుల్లో 17 రకాతులు చేస్తాం. రోజూ అదే ఫాతిహా, అవే రుకూలు, అవే సజ్దాలు. నమాజు పాతబడిందని ఏ విశ్వాసీ అనడు. కాని మన మనసు దుకాణంలోనో పొలంలోనో తిరుగుతుంటే అదే నమాజు యాంత్రికంగా మారిపోతుంది. తప్పు నమాజుది కాదు, మన గఫ్లత్‌ది. మన పనులకూ ఇదే వర్తిస్తుంది. పనిని చంపేది దాన్ని మళ్ళీ మళ్ళీ చేయటం కాదు, మనసు పెట్టకుండా చేయటం. అల్లాహ్‌ను చూస్తున్నట్లుగా ఆరాధించటం, మనం ఆయన్ని చూడలేకపోయినా ఆయన మనల్ని చూస్తున్నాడన్న స్పృహతో ఉండటమే ఇహ్సాన్ అని దైవప్రవక్త (స) జిబ్రీల్ (అ)కు ఇచ్చిన జవాబు. అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఇహ్సాన్‌ను విధించాడని మరో హదీసు. ప్రతి విషయంలోనూ అంటే అచ్చు వేయటంలో, కూర వండటంలో, పాఠం చెప్పటంలో కూడా.

రాశిలో చెయ్యి పెట్టి చూద్దాం

మనసు పెట్టి చేస్తున్నామో లేదో తెలిసేదెలా? దానికే ఆత్మపరిశీలన. ధార్మిక పరిభాషలో ముహాసబా.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి అందులో చెయ్యి పెట్టారు. వ్రేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందని ఆ వ్యాపారి చెప్పాడు. అలాగయితే తడిసిన ధాన్యాన్ని జనం చూసేలా పైన పెట్టి ఉండవలసింది కదా అని ఆయన మందలించారు. మోసగించేవాడు తనవాడు కాడని స్పష్టం చేశారు. ఇది సహీహ్ ముస్లింలోని హదీసు.

గుడివాడ ప్రాంతపు రైతులకు, మిల్లర్లకు ఈ హదీసును విడమరచి చెప్పనక్కరలేదు. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యం తేమ 17 శాతానికి మించకూడదన్న లెక్క వాళ్ళకు కంఠతా వచ్చు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు కోసిన పనలు చేలల్లోనే నానాయి. కల్లాల్లో రాశులు తడిశాయి. అలాంటి రాశికి ఎండ తగిలితే పైపొర తొందరగా ఆరిపోతుంది. లోపల తేమ అలాగే ఉంటుంది. తిరగబోయకపోతే లోపల వేడెక్కి మొలకలు వస్తాయి, గింజ రంగు మారుతుంది. పైనుంచి చూసినవాడికి తెలియదు, చెయ్యి పెడితేనే తెలుస్తుంది.

మన మనసు కూడా ఒక రాశే. ఎదుటివారి రాశిలో చెయ్యి పెట్టటానికి మనకు ఎప్పుడూ తీరికే. మన రాశిలో మనమే చెయ్యి పెట్టుకోవటానికి మాత్రం జంకుతాం. విశ్వాసులు రేపటి కోసం ఏమి పంపుకున్నారో చూసుకోవాలని అల్ హష్ర్ సూరా 18వ ఆయతు ఆదేశిస్తోంది. లెక్క తీసుకోబడక ముందే మీ లెక్క మీరు చూసుకోండని హజ్రత్ ఉమర్ (రజి) బోధించేవారు. తన్ను తాను నిందించుకునే ఆత్మపై అల్లాహ్ ప్రమాణం చేశాడంటే (ఖియామహ్ సూరా 2వ ఆయతు) అలాంటి ఆత్మకు ఎంతటి విలువ ఉందో గ్రహించాలి.

ఇషా తర్వాత, పడుకునే ముందు పది నిమిషాలు చాలు. మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ రోజు నేను చేసిన పని ఎవరి కోసం చేశాను? నా పనివల్ల ఎవరి హక్కుకైనా భంగం కలిగిందా? నిన్నటికంటే ఏది మెరుగైంది, ఏది చెడింది? జవాబుల్లో మేలు కనిపిస్తే అల్‌హందులిల్లాహ్ అందాం. తప్పు కనిపిస్తే తౌబా చేసుకుందాం. రేపు సరిదిద్దుకోవలసింది ఒక్కటంటే ఒక్కటి ఎంచుకుందాం. పది ఎంచుకుంటే ఒక్కటీ చేయం.

రెండో ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. స్క్రీన్ మీద ముద్రించిన గుడ్డను చేతి అచ్చు అని చెప్పి అమ్మితే, రసాయన రంగును చెట్ల రంగు అని చెప్పి అమ్మితే అది తడి ధాన్యాన్ని కింద దాచటమే. స్క్రీన్ ముద్రణ నిషిద్ధం కాదు, అబద్ధం నిషిద్ధం. అలాగే పని చేయించుకునేవారు కూడా ఈ ప్రశ్న వేసుకోవాలి. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమని దైవప్రవక్త (స) ఆదేశించారు. పనివాడి ఓర్పును కళ అని పొగిడి, కూలి దగ్గర మాత్రం నెలల తరబడి తిప్పించుకునేవారు ఆ పొగడ్తతో అల్లాహ్ ముందు తప్పించుకోలేరు.

పూత

ముహాసబా చేసుకునేవాడికి రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది ప్రదర్శనాబుద్ధి. బందరు చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు దేశమంతా ప్రసిద్ధి. లోపల వేరే లోహం, పైన బంగారు పూత. ఆ సంగతి చెప్పే అమ్ముతారు, కొనేవారూ తెలిసే కొంటారు. అందులో తప్పేమీ లేదు. కాని మన సత్కార్యాలకు ఇలాంటి పూత పూసి అల్లాహ్‌కు బంగారమని చూపించబోతే? మొట్టమొదట విచారణకు నిలబెట్టబడే ముగ్గురి గురించి హదీసులో ఉంది. వారిలో ఒకరు యుద్ధంలో మరణించినవాడు, ఒకరు పండితుడు, ఒకరు దానశీలి. చేసింది జనం మెప్పు కోసం. జనం మెచ్చుకున్నారు, ప్రతిఫలం అక్కడే ముట్టింది, అల్లాహ్ దగ్గర ఏమీ మిగలలేదు. చేసేవి చిన్న పనులైతే ఏం? ఎవరూ చూడకుండా చేసినవి కొన్నయినా మన ఖాతాలో ఉండాలి. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బింతె జహష్ (రజి) చేతిపని చేసి, వచ్చినదాన్ని దానం చేసేవారు. తమలో అందరికంటే పొడవైన చెయ్యి ఆమెదేనని మిగతా మాతృమూర్తులు ఆమె మరణానంతరం గ్రహించారు. అది దానపు చెయ్యి.

రెండో ప్రమాదం నిరాశ. కొందరు రోజూ తమ తప్పులే తవ్వుకుంటూ, నేను ఎందుకూ పనికిరాననే నిర్ణయానికి వచ్చేస్తారు. ఇది ముహాసబా కాదు, షైతాన్ పన్నిన వల. జరిగిపోయినదాని గురించి అలా చేసి ఉంటే ఇలా అయ్యేది అని వాపోవటం షైతాన్‌కు తలుపు తెరవటమని దైవప్రవక్త (స) హెచ్చరించారు. కాలువలో గుడ్డను జాడించేది అదనంగా ఉన్నది పోవటానికే, గుడ్డను చింపటానికి కాదు.

తెగిపోయిన చోట

కొన్నిసార్లు సాధన మన నిర్లక్ష్యం వల్ల కాక, మన చేతిలో లేని ఆపద వల్ల ఆగిపోతుంది. జబ్బు, చావు, వరద. అప్పుడేం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు మన పక్కనే ఉన్న దివిసీమ నేల మీద ఉంది.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో సముద్రం దివిసీమ ఊళ్ళ మీదకు విరుచుకుపడింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. ఇళ్ళు, పశువులు, చేతికి రాబోతున్న పంట అన్నీ పోయాయి. పొలాల్లో ఉప్పునీరు నిలిచింది. ఉప్పు పట్టిన నేలను బాగుచేయటానికి దగ్గరిదారి లేదు. మంచినీరు పెట్టాలి, నిలవగట్టాలి, ఉప్పుతో సహా బయటికి తీసేయాలి, మళ్ళీ పెట్టాలి. ఒక్కసారితో తీపిక్కే నేల కాదు అది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఈనాడు పచ్చగా కనిపిస్తున్న చేల వెనక, అయినవాళ్ళను పాతిపెట్టి వచ్చి మళ్ళీ గట్లు వేసుకున్న మనుషులున్నారు.

ప్రళయం వచ్చేస్తున్నా సరే, మీలో ఎవరి చేతిలోనైనా మొక్క ఉండి, దాన్ని నాటే అవకాశం ఉంటే నాటేయండని దైవప్రవక్త (స) ప్రవచించారు. ఆ మొక్క పెరగదు, కాయదు, దాని నీడలో ఎవరూ కూర్చోరు. అయినా నాటమన్నారు. ఎందుకని? ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది, నాటటం మన చేతిలో ఉంది. సాధన ఎన్నిసార్లు తెగిపోయినా, తెగిన చోటునుంచి మళ్ళీ మొదలుపెట్టడానికి ఈ ఒక్క హదీసు చాలు. నిన్న పోయిన ఫజర్ కోసం ఏడుస్తూ ఈ రోజు జుహర్ పోగొట్టుకోవద్దు. పోయినది ఖజా చేసుకుని, ఉన్నదాన్ని వేళకు చేసుకుందాం.

ఆ సోదరుడికి మా జవాబు

సోదరా! మీరు ఇరవై ఏళ్ళుగా వేస్తున్నది ఒకే పువ్వు అన్నారు. నిజమే, పువ్వు మారలేదు. వేసే మనిషి మారుతున్నాడా లేదా అన్నదే అసలు ప్రశ్న. మొదటి ఏడాది మీ చెయ్యి వణికి ఉంటుంది, అచ్చు పక్కకు జరిగి ఉంటుంది. ఈనాడు కళ్ళు మూసుకుని కూడా అంచు కలపగలరేమో. చేతికి వచ్చిన ఈ నిలకడ మనసుకు కూడా వచ్చిందా? కోపం వచ్చినప్పుడు నాలుక అంచు దాటకుండా ఉంటోందా? యజమాని చూడనప్పుడు కూడా పని అలాగే సాగుతోందా? పక్కవాడి అచ్చు తప్పిపోతే నవ్వకుండా సరిచేశారా? ఇవే మీరు రేపు అల్లాహ్ ముందు చూపించుకోవలసినవి. గుడ్డలు ఎక్కడెక్కడికో వెళ్ళిపోతాయి, చిరిగిపోతాయి. వాటిని వేస్తూ మీరు ఎలాంటి మనిషిగా తయారయ్యారన్నది మాత్రం మీ వెంట వస్తుంది.

కూలి సంగతి వేరు. అది న్యాయంగా రావాలి, దానికోసం అడగటం మీ హక్కు. రేపు కొత్త అచ్చు చెక్కించుకుని కొత్త లత వేయగలిగితే తప్పకుండా వేయండి. అల్లాహ్ ఇచ్చిన నేర్పును పెంచుకోవటం కూడా కృతజ్ఞతే. కాని కొత్త అచ్చు వచ్చేదాకా జీవితం మొదలవదని అనుకోవద్దు. అది ఈ ఉదయం బిస్మిల్లాహ్‌తో వేసిన మొదటి దెబ్బతోనే మొదలైంది.

అద్దకం గురించి తెలిసిన ఊరివాళ్ళం కాబట్టి అల్ బఖరా సూరా 138వ ఆయతు మనకు ఇతరులకంటే ఎక్కువగా అర్థం కావాలి. అల్లాహ్ రంగును, అల్లాహ్ రంగుకంటే మేలైన రంగు వేరే లేదన్న సత్యాన్ని ఆ ఆయతు మన ముందు ఉంచుతోంది. ఆ రంగు ఒక్క మునకతో పట్టేది కాదని మనకు అనుభవం. ముందు గుడ్డ శుభ్రపడాలి, అది తౌబా. పటిక పడాలి, అది నియ్యత్. కాగులో ఉడకాలి, అది రోజువారీ శ్రమ, సహనం. కాలువలో జాడించాలి, అది ముహాసబా. ఎండలో ఆరాలి, అది పరీక్ష. ఒక్కటి తప్పినా రంగు నిలవదు. అన్నీ జరిగాక నిలిచినది మాత్రం ఎన్ని ఉతుకులకూ పోదు.

ఓ అల్లాహ్! మా చేతులకు నేర్పు ఇచ్చినట్టే మా సంకల్పాలకు శుద్ధిని ప్రసాదించు. మేము చేసే చిన్న పనులకు నిలకడను ప్రసాదించు. నీవు మా లెక్క తీసుకోకముందే మా లెక్క మేము చూసుకునే సద్బుద్ధిని ఇవ్వు. మా జీవితాలను నీ రంగులో అద్దు. ఆమీన్.